పడవకు కొత్త కొమ్ములు

ఆదెన్న మూడో బోల్టు మీద కిరసనాయిలు చుక్కలు వేసి, అది లోపలికి ఇంకేదాకా బండిచక్రం పక్కన గొంతుకూర్చున్నాడు. పొద్దెక్కక ముందే వాకిట్లో రాళ్ళు వేడెక్కాయి. అరచేతుల్లో తుప్పు రంగు గీతల్లోకి దిగి, కడిగినా పోయేలా లేదు.

పడవ సర్కారుది. ఆదెన్న చెరువు లస్కరు. తూము ఎత్తడం, దించడం, కట్ట మీద గండి పడకుండా చూసుకోవడం ఆయన పని. యాభై ఏడులో చెరువు నిండినప్పుడు, లోతు కొలవడానికని ఈ చెక్క పడవనూ, దాన్ని మోసే రెండు చక్రాల ఇనుప బండినీ తెచ్చి ఆయనకు అప్పజెప్పారు. రెండేళ్ళు అది నీళ్ళలో తిరిగింది. తర్వాత చెరువు ఎండింది. ఆరేళ్ళుగా పడవ బండెక్కి ఆయన వాకిట్లోనే ఉంది.

ఎండకు చెక్కలు నెర్రెలివ్వకుండా, ఆదెన్న తాను స్నానం చేసిన నీళ్ళను గంగాళంలో పట్టి రోజూ పడవ మీద చల్లేవాడు. ఊళ్ళో నవ్వేవాళ్ళు. ఆ నీళ్ళు చెక్కను కాపాడాయి గానీ, కిందికి కారి ఇనుమును తినేశాయి. పడవ కడుపును పట్టి నిలబెట్టే నాలుగు ఇనుప కొమ్ములూ మొదళ్ళలో పుచ్చిపోయి, గోరుతో గీకితే పొరలుగా రాలుతున్నాయి.

రేపు పొద్దున జీపు వస్తుంది. పడవను నీళ్ళున్న చోటికి, కడప వైపు తీసుకుపోతారని తాకీదు వచ్చింది. ఆ కొమ్ములతో అయితే కుందుర్పి దారి గుంతల్లో అది రెండు మైళ్ళు కూడా పోదు. కమ్మరి బయ్యన్న పాత బండిచక్రాల పట్టాలు సాగగొట్టి కొత్త కొమ్ములు చేశాడు. నాలుగోది ఇప్పుడే తెచ్చి వాకిట్లో పడేశాడు.

"నీకేల మామా ఇదంతా? ఇంగ నాలుగు నెలల్లో పనిలోనించి దిగిపోయేవోడివి."

"దోవలో పడితే పగిలిపోతాదిరా."

"పగిలితే సర్కారు ఇంగోటి చేపిచ్చుకుంటాది."

ఆదెన్న బోల్టు వైపు తిరిగాడు. పానా తగిలించి రెండు చేతులా లాగాడు. బోల్టు కదల్లేదు. మళ్ళీ లాగాడు. కొలిమి ఆరిపోతుందని బయ్యన్న వెళ్ళిపోయాడు.

ఒక్కో కొమ్ము మార్చేటప్పుడు ఆ పక్క పడవను గడ్డపారతో పైకి లేపి, కింద రాతిపలకలు పేర్చి నిలపాలి. పాతది ఊడదీసి, కొత్తది బిగించి, చెక్క రాసుకోకుండా కొనకు టైరుముక్క చుట్టాలి. అప్పుడు పలకలు ఒక్కొక్కటే లాగి పడవను దించాలి. గడ్డపార మీద బరువంతా వేసి వేలాడింది ఆయన భార్య తిమ్మక్క. ఆమెదీ ఎండిపోయిన వొళ్ళే. వేలాడినా పెద్దగా బరువు పడలేదు.

చెరువు నిండిన ఏడు ఆదెన్న ఒకసారి ఆమెను పడవెక్కించి నడిమధ్యకు తీసుకుపోయాడు. ఆమె రెండు అంచులూ పట్టుకుని, గట్టు చేరేదాకా కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది.

"ఆపొద్దు కండ్లు తెరిచి చూసింటే బాగుండు," అంది గడ్డపార మీద వంగి. "అన్ని నీళ్ళు మళ్ళా యాడ చూస్తిమి?"

"రవ్వంత వత్తు మే," అన్నాడు ఆదెన్న.

మధ్యాహ్నం దాటాక నాలుగో కొమ్ము బిగిసింది. ఆఖరి పలక లాగేసరికి పడవ చిన్నగా మూలిగి, నాలుగింటి మీదా సర్దుకుంది. ఆదెన్న భుజం ఆనించి ఊపి చూశాడు. కదల్లేదు.

"సంగటి తిందువు రా."

"ఎడమ చెయ్యి లాగతాండాది. రవ్వంతసేపు ఆనుకుంటా. నువ్వు పెట్టు."

చక్రానికి వీపు ఆనించి కాళ్ళు చాపాడు. తిమ్మక్క సంగటి పెట్టుకుని వచ్చేసరికి గడ్డం రొమ్ముకు ఆని ఉంది. నిద్రపట్టిందనుకుని, ముఖం మీద ఈగలు తోలుతూ ఆమె చాలాసేపు పక్కనే కూర్చుంది. ఆ తర్వాత భుజం పట్టి కదిపింది.

జీపు చెప్పిన పొద్దుకే వచ్చింది. డ్రైవరు జయరాముడు వాకిట్లో జనాన్ని చూసి ఇంజను ఆపి, చెప్పులు విడిచి దగ్గరికి వచ్చాడు.

"రెండు దినాలు ఆగి వస్తాలేమ్మా."

తిమ్మక్క తలెత్తింది. "తీసకపో నాయనా. నిన్నంతా దానికోసమే కదా చేసినాడు."

నలుగురు పట్టి బండిని జీపుకు తగిలించారు. ఊరి బయట వంక దిగి, గుంతల్లో పడి లేచి, పడవ కొమ్ముల మీంచి జారకుండా అవతలి గట్టు ఎక్కింది.

మధ్యాహ్నం ఆదెన్నను మట్టి చేసి వచ్చారు. సాయంత్రం అందరూ వెళ్ళాక తిమ్మక్క చీపురు పట్టింది. పడవ ఉన్న చోట నేలంతా ఎర్రటి తుప్పు రజను. ఊడుస్తూ ఊడుస్తూ గోడ దగ్గరికి వచ్చింది. రెండు రాళ్ళ సందులో, మళ్ళీ తాగుదామని ఆదెన్న ఆర్పి దోపిన సగం బీడీ ఉంది.