కంటికి కనపడని దీపం

ప్రొఫెసర్ ఎలిజబెత్ ఆ పరికరాన్ని టేబుల్ మీద పెట్టి, "సారీ కావ్యా, దీన్ని నువ్వు వాడకూడదు," అన్నారు.

అరచేతిలో ఇమిడే నైట్ విజన్ పరికరం అది. నక్షత్రాల వెలుగు చాలు, ఆకుల మధ్య కదిలే ఎలుకను కూడా పట్టిస్తుంది. అయితే సైన్యం వాడే రకం. అలాంటివి విదేశీ విద్యార్థుల చేతికి ఇవ్వకూడదని అమెరికా ఎక్స్‌పోర్ట్ రూల్స్. కావ్యశ్రీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఎం.ఎస్. చదువుతోంది.

2009 జూన్ అది. ముక్కు మీద తెల్లటి బూజు పట్టే జబ్బొకటి ఆ చలికాలమే న్యూజెర్సీ గబ్బిలాలకు సోకింది. చచ్చినవి చావగా ఇంకా ఎన్ని మిగిలాయో తేల్చడమే కావ్యశ్రీ థీసిస్. పొద్దుగూకాక అవి గూడు వదిలి బయటికొచ్చేటప్పుడు లెక్కపెట్టాలి. సగం వచ్చేసరికే చీకటి ముసురుకుంటుంది. ఆ తర్వాత మామూలు కంటికి ఏమీ ఆనదు.

"అదితి ఇక్కడే పుట్టింది కాబట్టి తనకి ఇబ్బంది లేదు. తను చూసి చెప్తుంది, నువ్వు రాసుకో," అన్నారు ప్రొఫెసర్.

బయటికొచ్చాక, అదే ల్యాబ్‌లో చదివే అదితి మెల్లగా అంది. "నువ్వు ఫీల్ అవ్వద్దు. నేను చూస్తా, నువ్వు రాస్తావు. ఇట్స్ జస్ట్ ఎ రూల్."

"నీమీద నాకేం కోపం లేదు అదితీ. కానీ థీసిస్ నాది. చూడ్డం కూడా నేనే చూస్తా," అంది కావ్యశ్రీ.

ఆమె ఎంచుకున్న గూడు వసంతలక్ష్మి ఆంటీ ఇంటి వెనకున్న, పశువుల కొట్టంలాంటి పాత చెక్క బార్న్‌లో ఉంది. మందుల కంపెనీలో కెమిస్ట్‌గా రిటైరైన ఆంటీ, ఊరి బయట స్థలంతో సహా ఆ ఇల్లు కొనుక్కుంది. మొదటిసారి వెళ్ళినప్పుడే ఆవిడ నిష్కర్షగా చెప్పేసింది.

"ఓ ఇరవై ఉంటాయేమోనమ్మా. ఆ కంపు భరించలేకపోతున్నా. శనివారం కాంట్రాక్టర్‌ని పిలిచాను, సందులన్నీ మూసేస్తాడు."

"ఇప్పుడు మూస్తే పిల్లలు లోపలే చచ్చిపోతాయి ఆంటీ. వాటికింకా ఎగరడం రాదు."

"పిల్లలున్నాయని నీకెలా తెలుసు? చూశావా?"

"లేదు. చూసి మీకూ చూపిస్తా. శనివారం లోపల."

ఆంటీ ఆమెను ఎగాదిగా చూసి, "సరే, చూపించు," అంది.

కావ్యశ్రీ మొదట ఒక కంటితో చూసే చవకరకం నైట్ విజన్ మోనాక్యులర్ ఒకటి కొంది. వేటగాళ్ళ సామాన్ల షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు, దానికి రూల్స్ అడ్డు రావు. ఆ సాయంత్రమే బార్న్ ముందు నిలబడి కంటికి ఆనించింది. లోకమంతా ఆకుపచ్చగా కనిపించింది. నడిమధ్య స్పష్టంగానే ఉంది గానీ అంచులన్నీ అలుక్కుపోయాయి. గబ్బిలం గీతలా దూసుకెళ్తోంది. వెళ్ళింది ఒకటో రెండో తేల్చుకునేలోపు ఇంకోటి. కాసేపటికి కన్ను లాగేసింది, లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ తప్పింది.

తిరుగు దారిలో అదితి కారు నడిపింది. కావ్యశ్రీకి ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పొద్దున లేచాక మాత్రం తను తప్పు ప్రశ్న వేసుకుందని అర్థమైంది. ఇన్నాళ్ళూ మంచి పరికరం ఏదని వెతికింది. తనకేం కావాలన్నది అడగాల్సింది. గూటి సందు ముప్పై అడుగుల దూరం కూడా లేదు. ఎంతో దూరం చూసే శక్తి అక్కర్లేదు. గబ్బిలాలు వేగంగా వెళ్తాయి కాబట్టి చూసిందాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూడగలగాలి. అంటే కంటికి ఆనించుకునేది కాదు, రికార్డు చేసేది కావాలి. వేడిని పట్టే థర్మల్ కెమెరా అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, కానీ దాని ధర వింటేనే గుండె ఆగుతుంది. మిగిలింది నైట్ మోడ్ ఉన్న మామూలు వీడియో కెమెరా. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో అది చూడగలదు.

అదితి వాళ్ళింట్లో పుట్టినరోజులకు వాడే అలాంటి కెమెరా ఒకటుంది. అడగ్గానే తెచ్చింది.

గురువారం సాయంత్రం దాన్ని స్టాండ్ మీద నిలబెట్టారు. తెర మీద మంచు కురుస్తున్నట్టు తెల్లటి చుక్కలు తప్ప మరేం లేదు. కెమెరా సొంత దీపం ముందున్న దుమ్ము మీద, పురుగుల మీద పడి తిరిగి లెన్స్‌లోకే కొడుతోంది.

"ఇంక ఒక్కరోజే ఉంది కావ్యా. నేను ప్రొఫెసర్ పరికరం తెస్తా," అంది అదితి.

"తీసుకురా, నువ్వూ లెక్కపెట్టు. నేను మాత్రం దీపాన్ని కెమెరా నుంచి విడదీస్తా."

సెక్యూరిటీ కెమెరాలమ్మే షాపులో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు రెండు రకాలు చూపించారు. ఒకటి దూరం కొడుతుంది గానీ సన్నగా ఎర్రగా మెరుస్తుంది. రెండోది అసలు మెరవదు, దూరమూ వెళ్ళదు. గబ్బిలాలు బెదరకూడదని కావ్యశ్రీ రెండోదే తీసుకుంది. దూరం చాలదు కాబట్టి దీపాన్నే దగ్గరికి చేర్చాలి. శుక్రవారం వెలుతురుండగానే నిచ్చెనెక్కి సందుకు పక్కగా, పైకి చూసేలా బిగించింది. కెమెరాను ఎడంగా పెట్టి దాని దీపం ఆర్పేసింది.

పొద్దుగూకింది. మొదటి గబ్బిలం బయటికొచ్చింది. తెర మీద రెక్కల ఎముకలు కూడా కనిపించాయి. ఆ వెనకే ఇంకోటి, తర్వాత గుంపు. పక్కనే అదితి పరికరాన్ని కంటికి ఆనించి పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. రాక ఆగాక నూట నలభై దాకా ఉన్నాయంది. వీడియోను నిదానంగా తిప్పి చూస్తే రెండు వందలు దాటాయి. బయటికొచ్చి మళ్ళీ లోపలికి దూరినవాటిని తీసేసినా అంతే.

కావ్యశ్రీ ఆంటీని పిలిచింది. తల్లులు బయట ఉండగానే కెమెరానూ దీపాన్నీ బార్న్‌లోకి తీసుకెళ్ళి దూలాల వైపు తిప్పింది. కంటికి అంతా కటిక చీకటే. తెర మీద మాత్రం దూలం పొడవునా ఒకదాన్నొకటి అతుక్కుని పిల్లలు, ఇంకా నూగు కూడా సరిగా రానివి. ఒకటి నోరు తెరిచి అటూ ఇటూ తల తిప్పుతోంది.

"తల్లిని వెతుక్కుంటోందా?" అంది ఆంటీ, గొంతు తగ్గించి.

"అవునాంటీ. పాలివ్వడానికి కాసేపట్లో వస్తుంది. మనం వెళ్ళిపోదాం."

 బయటికొచ్చాక ఆంటీ ఫోన్ తీసి కాంట్రాక్టర్‌కి మెసేజ్ పెట్టింది, సెప్టెంబర్ దాకా రావద్దని.

సోమవారం ప్రొఫెసర్ ఎలిజబెత్ వీడియో మొత్తం చూశారు. "మిగిలిన గూళ్ళన్నీ ఇలాగే చెయ్యి," అన్నారు. కావ్యశ్రీ ఆ వేసవంతా చేసింది. పిల్లలు ఎగిరిపోయాక ఆంటీ సందులు మూయించి, బార్న్ గోడకు వాటికోసం చెక్కపెట్టె ఒకటి కొట్టించింది.

మరుసటి జూన్‌లో ఆ పెట్టె ముందు కెమెరా పెడితే బయటికొచ్చినవి అరవై కూడా లేవు. జబ్బు తన పని తాను చేసుకుపోయింది. కావ్యశ్రీ వీడియోను మూడుసార్లు తిప్పి చూసింది. లెక్క మారలేదు. పక్కనున్న అదితికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంక ఏం చేద్దాం?" అంది.

"రేపు తర్వాతి గూటికి వెళ్దాం. ఎన్ని ఉంటే అన్నే లెక్కపెడదాం," అంటూ కావ్యశ్రీ దీపం తీసుకురావడానికి నిచ్చెనెక్కింది.