ఒక్క సున్నా చాలు

వెర్లిన్ హాక్ బతుకు మొత్తానికి పదిమంది నోళ్ళలో నానిన మాట ఒక్కటే. "ఒక్క సున్నా చాలు." ఆ మాటను పసుపు అట్టల మీద అచ్చు వేయించి, బీట్ దుంపల పొలాల గట్ల మీద, చర్చి ఎదుట, పెట్రోలు బంకు మలుపులో తనే సుత్తి పట్టుకుని పాతాడు. మిచిగన్‌లో బ్యాలెట్ కాగితానికి అన్నిటికంటే పైన పార్టీ పేరు, దాని పక్కన ఒక సున్నా ఉంటాయి. ఆ సున్నాను నల్లగా నింపితే వాషింగ్టన్‌లో దేశ చట్టసభ సీటుకు నిలబడ్డవాడి దగ్గర్నుంచి జిల్లా పాలన చూసే కౌంటీ కమిషనర్ దాకా పార్టీ వాళ్ళందరికీ ఒకేసారి ఓటు పడిపోతుంది.

అది అధ్యక్షుడి పదవీకాలం నడిమధ్యలో వచ్చిన ఎన్నిక. అలాంటి ఏడాది ఓటంటే జనానికి బద్ధకం. పైగా నవంబరంటే దుంపల లారీలు రేయింబవళ్ళు తిరిగే కాలం. బురద బూట్లతో, ఇంజను ఆపకుండా వచ్చే మనుషుల చేతికి రెండువైపులా అచ్చేసిన పొడుగాటి కాగితమిచ్చి చదవమంటే ఎవడు చదువుతాడు? అందుకే వెర్లిన్ ఆ మాట కనిపెట్టాడు. పార్టీ పెద్దలు భుజం తట్టారు. బీన్స్ గోదాములో తూకం వేసే మనిషికి భుజం తట్టేవాళ్ళు దొరకడం చిన్న సంగతేమీ కాదు.

సెప్టెంబరులో అగ్నిమాపక దళం వాళ్ళు ఊరందరికీ పాన్‌కేకులు వేసి పెట్టే ఆదివారం, అతని మరదలు రోవేనా పళ్ళెం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. రోవేనా కౌంటీ హోములో పనిచేస్తుంది. మంచం పట్టినవాళ్ళకు స్నానాలు చేయించి, పక్కలు మార్చి, తినిపించే పని. ఆమె చూసుకునే వాళ్ళలో సొంత అక్క మార్లా కూడా ఉంది. మార్లా వెర్లిన్ భార్య. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది, "ఊఁ", "కాదు" తప్ప.

"వెర్లిన్, నీ అట్టల మీద ఇంకో ముక్క వేయించు," అంది రోవేనా. "కాగితం వెనక్కి తిప్పమని."

"వెనకేముంది?"

"మా హోము పన్ను. కౌంటీ జనం కట్టే ఆ పన్నుతోనే నడుస్తోంది కదా మా కొంప. గడువు తీరిందని ఈసారి మళ్ళీ ఓటుకు పెట్టారు, వెనక వైపు, అట్టడుగున. నీ ఒక్క సున్నా దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోదు. దానికి విడిగా నింపాలి."

వెర్లిన్ సిరప్ గిన్నె తన వైపు లాక్కున్నాడు. "అది ఎప్పుడూ గెలిచేదేగా. మీ అమ్మ కాలం నుంచీ గెలుస్తోంది."

"అప్పుడు ఒక్క సున్నా చాలని ఎవడూ ఊరంతా అట్టలు పాతలేదు."

పక్కనున్న ఓటిస్ క్రూగర్ నోటినిండా పాన్‌కేకు కుక్కుకుని నవ్వాడు. ఓటిస్ కూడా గోదాములోనే పనిచేస్తాడు. "అమ్మాయి చెప్పేదాంట్లో న్యాయముంది రోయ్. 'ఒక్క సున్నా చాలు, కానీ చాలదు' అని వేయించు. బ్రహ్మాండంగా ఉంటుంది."

బల్ల బల్లంతా గొల్లుమంది. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. "రెండు పనులు చెబితే మనవాళ్ళు ఒక్కటీ చెయ్యరు," అన్నాడు రోవేనా వంక చూడకుండా. "ముందు సీటు గెలవనీ. సీటు గెలిస్తే అన్నీ అవే సర్దుకుంటాయి."

"సీటు మీద పడుకోబెడతావా అక్కని?" అని రోవేనా పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

అక్టోబరులో మార్లా బ్యాలెట్ హోముకే పోస్టులో వచ్చింది. వెర్లిన్ రోజూ మధ్యాహ్నం తిండి వేళకు గోదాము నుంచి వెళ్ళి ఆమె దగ్గర కూర్చుంటాడు. ఆరోజు సూపు తాగించి, మూతి తుడిచి, బల్ల మీద కాగితం పరిచాడు. ఆమె ఎడమ చేతిలో పెన్ను పెట్టి, చెయ్యి పట్టుకుని పైనున్న సున్నా దగ్గరికి తీసుకెళ్ళి వదిలాడు. మార్లా నాలుక పంటి కింద పెట్టుకుని, గీత దాటిపోతూ, ఓపిగ్గా నింపింది.

"అదీ! అయిపోయింది," అన్నాడు.

మార్లా పెన్ను వదల్లేదు. కాగితం మీద అరచెయ్యి ఆనించి, అంచు పట్టుకుని తిరగెయ్యబోయింది.

వెర్లిన్‌కు నవ్వొచ్చింది. హోములో రోజూ పొద్దున్నే రాత్రి భోజనానికి ఒక చీటీ ఇస్తారు. ముందువైపు మాంసం, బంగాళాదుంపలు, కూరలు, ఒక్కో దాని పక్కన ఒక్కో సున్నా. వెనకవైపు పుడ్డింగూ, ఆపిల్ పై. మార్లాకు కావలసిందెప్పుడూ వెనకే ఉంటుంది. ముందువైపు ఏది పడితే అది నింపి, చటుక్కున తిప్పేస్తుంది.

"అటువైపు పుడ్డింగు లేదే పిచ్చిమొద్దూ. ఇది భోజనం చీటీ కాదు."

"కాదు," అంది మార్లా.

"కాదనేగా నేనూ చెబుతున్నది."

"కాదు. కాదు." మళ్ళీ అంచు పట్టుకుంది.

కిటికీ బయట రోడ్డు మీద గోదాముకు పోయే బీన్స్ లారీలు బారులు తీరుతున్నాయి. తూకం దగ్గర ఓటిస్ ఒక్కడే ఉన్నాడు. వెర్లిన్ ఆమె అరచేతి కింద నుంచి కాగితాన్ని మెల్లగా లాగి, మడిచి, కవరులో పెట్టి అంటించాడు. కవరు మీద ఆమె చేత వంకరటింకర సంతకం పెట్టించాడు. మార్లా అతని మొహంలోకి అదే పనిగా చూసింది. అలిసిపోయి ఉంటుందనుకుని, తలగడ సర్ది, నుదుటి మీద ముద్దుపెట్టి వెళ్ళిపోయాడు.

ఎన్నిక రోజు టౌన్‌షిప్ అనే ఆ ఊరి పంచాయతీ హాలు తలుపు తియ్యగానే మొదటి ఓటు వెర్లిన్‌దే. ఊరి వారపత్రిక ఆవిడ ఫొటో తీస్తానంది. వెనక జనం వరసలో నిలబడి, "చూడండ్రా, ఎన్ని సున్నాలు నింపుతాడో," అని వేళాకోళమాడుతున్నారు. వెర్లిన్ ఒక్కటి నింపాడు. రోవేనా మాట గుర్తురాకపోలేదు. కానీ అంతమంది ముందు ఆ కాగితాన్ని తిరగేసి, వంగి, అట్టడుగున వెతుక్కుంటే తన మాటకు తనే నీళ్ళొదిలినట్టవుతుంది. ఎలాగూ గెలిచేదే కదా అనుకున్నాడు. యంత్రం కాగితాన్ని మింగింది. ఫొటోలో పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

మర్నాడు పొద్దున లెక్కల కాగితం హాలు తలుపుకు అంటించారు. వాషింగ్టన్ సీటు వెర్లిన్ పార్టీదే. గెలవడం కూడా మామూలుగా కాదు. వెర్లిన్ టౌన్‌షిప్‌లో ఒక్క ఓటు పడకపోయినా ఆ పెద్దమనిషి గెలిచి ఉండేవాడు. పార్టీ కమిషనర్లందరూ గెలిచారు. కిందికి చూసుకుంటూ వచ్చాడు. పార్టీ పేరు లేకుండా నిలబడే జడ్జీల దగ్గర అంకెలు సన్నబడ్డాయి. కాలేజీ బోర్డు దగ్గర ఇంకా సన్నబడ్డాయి. చివరి వరస దగ్గరికి వచ్చేసరికి, పైన ఓటు వేసినవాళ్ళలో మూడోవంతు మంది అసలు లేనే లేరు.

హోము పన్ను కౌంటీ మొత్తం మీద నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయింది. పసుపు అట్టలు లేని పక్క టౌన్‌షిప్‌లో చక్కగా గెలిచింది.

"వద్దన్నవాళ్ళు అంతమంది ఉన్నారంటావా?" అన్నాడు ఓటిస్, భుజం మీదుగా చదువుతూ.

"వద్దన్నది తక్కువే," అన్నాడు వెర్లిన్. "తిప్పనివాళ్ళు ఎక్కువ."

ఓటిస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నేనూ తిప్పలేదురా. నువ్వు చాలన్నావు కదా."

ఆ వారమంతా వెర్లిన్ కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగాడు. సీటు గెలిచిన పెద్దమనిషి ఆఫీసుకు ఫోను చేస్తే ఒక కుర్ర గొంతు మీ సేవలు మరువలేనివి అంది, కౌంటీ పన్నులు తమ పరిధిలోవి కావంది. కమిషనర్ల దగ్గరికి పోయాడు. ఒక్కొక్కడికీ అతను పేరుపేరునా తెలుసు. వాళ్ళ ఇళ్ళ ముందు కూడా అట్టలు పాతింది తనే. వసంతంలో ఇంకోసారి ఓటుకు పెట్టండి, ఈసారి నేనే ఇల్లిల్లూ తిరుగుతానన్నాడు.

"ప్రజలు చెప్పేశారు కదా వెర్లిన్," అన్నాడు వాళ్ళలో పెద్ద. "ప్రజల మాట కాదనమంటావా?"

"ప్రజలు చెప్పలేదు. వాళ్ళు చూడనే లేదు."

"చూడొద్దని వాళ్ళకు చెప్పిందెవరు?" అని ఆయన కాఫీ కలుపుకున్నాడు.

హోము మూసేస్తున్నారని తెలిసిన రోజు, కారు నిలిపే చోట రోవేనా కనిపించింది. ఉద్యోగం పోయిన మనిషి ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

"అక్క బ్యాలెట్ నువ్వే వేయించావట కదా," అంది. "వెనక నింపిందా?"

వెర్లిన్ బూటుకంటిన బురదను గట్టుకేసి గీక్కున్నాడు.

"నేను నేర్పాను వెర్లిన్. వారం రోజులు, రోజూ భోజనం చీటీతో నేర్పాను. 'అక్కా, ఆ పెద్ద కాగితం వచ్చాక ఇలాగే తిప్పు, చిట్టచివరి సున్నా నింపు, అది మన ఇల్లు' అని చెప్పాను. తలూపింది. అక్కకు అర్థమైంది. నువ్వేం చేశావు?"

"తిప్పబోయింది," అన్నాడు చివరికి. "పుడ్డింగు కోసమనుకున్నాను."

రోవేనా కారెక్కి తలుపు వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్‌లో మార్లాను దక్షిణాన ఉన్న పెద్ద పట్నంలో ఒక హోములో చేర్చారు. దగ్గర్లో ఎక్కడా మంచం ఖాళీ లేదు. రోజూ మధ్యాహ్నం వెళ్ళే మనిషి ఇక ఆదివారాలు మాత్రమే వెళ్ళగలిగేవాడు, అదీ రోడ్డు బాగుంటే. దారి పొడుగునా అతను పీకడం మరిచిపోయిన పసుపు అట్టలు అక్కడక్కడా వంగి నిలబడే ఉన్నాయి. ఎండకు అక్షరాలు వెలిసిపోయినా సున్నా మాత్రం కనిపిస్తూనే ఉంది.

మొదటి ఆదివారం వెళ్ళేసరికి మార్లా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కొత్త చోటు ఆయా ఒకామె రాత్రి భోజనం చీటీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆమెకు మార్లా పేరు కూడా తెలియదు. వెర్లిన్ భార్యను లేపి కూర్చోబెట్టి, ఎడమ చేతిలో పెన్ను పెట్టాడు. ఈసారి చెయ్యి పట్టుకోలేదు. మార్లా ఒక సున్నా నింపింది. అరచెయ్యి ఆనించి, అంచు పట్టుకుని, చీటీ తిప్పింది.

వెనక ఏమీ లేదు. తెల్లగా ఉంది.

మార్లా దాన్ని మళ్ళీ తిప్పింది, మళ్ళీ తిప్పింది. తర్వాత తలెత్తి, అక్టోబరులో చూసినట్టే, అతని మొహంలోకి అదే పనిగా చూసింది.

"తప్పు నాదే మార్లా," అన్నాడు వెర్లిన్.

"ఊఁ," అంది మార్లా. పెన్ను అతని చేతిలో పెట్టేసి గోడ వైపు తిరిగింది.