దేవవ్వ గొంతుకు దొరికిన మెట్టు

సిరిసిల్లలో వాళ్ల గల్లీ వరకైతే మగ్గాల మోతను మించి పలికే గొంతు ఒక్కటే ఉండేది, అది దేవవ్వది. అలాంటి గొంతుకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ పై స్థాయి పోయింది. చెబితే వినే మనిషా? వేములవాడలో భజనకు కూర్చుంది. చరణం పైకెక్కే చోట గొంతు చీలిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పాట సంగతి అటుంచి, ఆనాటి నుంచి ఆమె మాటే మానేసింది. ముద్ద ముట్టదు. ఒక్కసారి మాత్రం నోరు తెరిచింది.

"పాడరాకుంటే నేనుండి ఏం ఫాయిదా?"

ఆ మాటకు ఆమె మొగుడు హనుమండ్లు హడలిపోయాడు. మరమగ్గం దగ్గర నిలబడ్డా ధ్యాసంతా ఇంటి మీదే. తను లేనప్పుడు ఏమన్నా చేసుకుంటే?

ఆమె పాటకు మాండలిన్ వాయించేది అతనే. ఏం వాయించడం లెండి, వేళ్లకు చోట్లు కంఠస్థం, అంతే. స ఎక్కడుందయ్యా అంటే తెల్లమొహం వేస్తాడు. ఆమె గొంతు దిగింది కాబట్టి పాటనూ దించితే పాడుతుందని అతనికి తోచింది. తీగలు వదులు చేశాడు, గరగరమన్నాయి. మాండలిన్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల మీద చెయ్యి రెండు మెట్లు కిందికి జరిపాడు, సగం పాటకు కింద మెట్లే లేవు. తల బాదుకున్నాడు.

చివరికి పక్కింటామెను దేవవ్వ దగ్గర కూర్చోబెట్టి, కరీంనగర్‌లో గిటార్, మాండలిన్ నేర్పే దీపిక దగ్గరికి పోయాడు.

"కాకా, మెట్టు మెట్టుకు అర స్వరం" అంది దీపిక. "నీ పాటల స నుంచి రికి రెండు మెట్లు, రి నుంచి గకు రెండు, గ నుంచి మకు ఒక్కటే. గీ లెక్క తప్పకుంటే యాడ మొదలువెట్టినా అదే పాట."

"వేలు నొక్కకుంట ఖాళీ తీగ మోగినంక ఇంకా కిందికి పోవాల్నంటే మెట్టేది బిడ్డా?"

"పక్కన లావు తీగ ఉన్నది గద. దాని ఏడో మెట్టు, గీ ఖాళీ తీగ ఒకటే స్వరం. రెండు దిగాల్నంటే అయిదో మెట్టు నొక్కు."

"ఇన్నేండ్లు నాకెవ్వలు చెప్పలే" అని హనుమండ్లు అక్కడే ఏడ్చేశాడు.

ఇంట్లో మాత్రం వేళ్లు పాత చోట్లకే ఉరికేవి. వాటిని తిట్టుకుంటూ, మెట్లు పైకే లెక్కపెడుతూ నొక్కేవాడు. దేవవ్వ గోడవైపు తిరిగి పడుకునేది. ఆ వీపును చూస్తూనే వాయించేవాడు.

ఒక సాయంత్రం పాట తప్పు లేకుండా పలికింది. దేవవ్వ లేచి కూర్చుని మెల్లగా అందుకుంది. పైకెక్కే చోట గొంతు మళ్లీ విరిగింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇక అయిపోయింది, మనిషి దక్కదు అనుకున్నాడు హనుమండ్లు.

"ఇంకో రెండు మెట్లు దించరాదు?" అంది దేవవ్వ.

అంత కింద అతనెప్పుడూ వాయించలేదు. చేతిలో ఉన్నది లెక్క ఒక్కటే. మెట్లు వెతుక్కుంటూ, తప్పుతూ, దిద్దుకుంటూ మొదలుపెట్టాడు. అతను తడబడ్డప్పుడల్లా ఆమె ఆగి, దారి దొరికాక అందుకుంది. పైకెక్కే చోట గొంతు బొంగురుగా, మగమనిషి గొంతులా వచ్చింది గానీ విరగలేదు.

హనుమండ్లు కళ్ల నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకూ పనుంది.