కెమెరా ముందు అబ్బా చేతులు

నేను చేసిన రోబో నా మాటే వినడం లేదు. దాని కెమెరాకు మన చేతులు మాత్రమే కనబడతాయి. మన చెయ్యి ఎలా కదిలితే దాని ఇనుపచెయ్యి అలా కదలాలి. నేను ఆడిస్తే చాయ్ గ్లాసు రెండుసార్లు ఒలకబోసింది. ఒళ్లు మండి కుర్చీలో కూలబడ్డాను.

చూస్తున్న మా నాన్న, మా అబ్బా, లేచాడు. కువైట్‌లో ఇరవై ఏళ్లు క్రేన్ల కింద నిలబడి సైగలు చేసి, ప్రొద్దుటూరు తిరిగొచ్చిన మనిషి.

"జరుగు తస్లీమా. నీ చెయ్యే వణుకుతాంటే అదేం జేస్తాది?"

ఆయన చెయ్యి నిదానంగా కిందికి దిగింది. దాంతోపాటే ఇనుపచెయ్యిలోని గ్లాసు తొణక్కుండా టేబుల్ మీద వాలింది.

"ఎట్ల అబ్బా?"

"ఆడా ఇంతే. పైన క్రేన్‌లో కూర్చున్నోడు నా చేతులే చూస్తాండె. ఇరవై ఏండ్లల్లో నా మొగం ఒక్కడూ చూడల్యా."

నేను లేచి కెమెరాను కొంచెం పైకి తిప్పాను. తెర మీదికి అబ్బా ముఖం వచ్చింది.