గలీబు లోపలి వేపాకు

నేను ఒక బూరుగుదూది దిండును. లింగవ్వ గింజలేరి, దూదిని రెండెండలు ఆరబెట్టి, పాత చీర ముక్కలో నింపి నన్ను కుట్టింది. కొన్నేళ్లు ఆమె తలకింద, తర్వాత ఆమె కోడలు అండాలు తలకింద, చివరికి మనవరాలు నాగజ్యోతి తలకింద ఉన్నాను. నేను లేనిదే ఆ పదహారేళ్ల పిల్లకు నిద్రపట్టదు. నన్నెవరూ ఎండలో వేయలేదు. పైతొడుగు గలీబు మారిస్తే దిండు కొత్తదైపోతుందని మనుషుల నమ్మకం.

నాగజ్యోతికి రక్త క్యాన్సర్ వచ్చింది. పట్నం ఆసుపత్రిలో మందు ఎక్కించాక, రోగాలతో పోరాడే బలం ఆమె ఒంట్లో దాదాపు లేకుండా పోయింది. పూలు, ఆకులు, ఇంటి పరుపులు లోపలికి తేవద్దని వార్డు నర్సు ఎస్తేరు సిస్టర్ గట్టిగా చెప్పింది. అయినా బట్టల కోసం ఊరికి వచ్చిన అండాలు, బిడ్డ నిద్రపోవడం లేదని నన్ను తీసింది. లింగవ్వ వానలో తడిసిన వేపరెమ్మలు తెచ్చి నాకూ గలీబుకూ మధ్య దోపింది.

"ఆకులు తేవద్దన్నరత్తా" అని అండాలు నసిగింది.

"వేపాకు ఆకెట్లయితదే? అమ్మవారు గాదూ! నీ మొగనికి తట్టు పోసినప్పుడు ఏ డాక్టరొచ్చి కాపాడిండు?"

అండాలు నన్ను తీసుకుని పట్నం బయల్దేరింది. సంచి అడుగున దాచి నన్ను వార్డులోకి చేర్చింది.

మూడో రోజుకు ఆకులు మెత్తబడ్డాయి. ఐదో రోజుకు వాటిమీద బూడిదరంగు నూగు లేచింది. అది నా దూదిలోకీ పాకింది. నాగజ్యోతి తల తిప్పినప్పుడల్లా కంటికి కనపడని పొడి నాలోంచి లేచేది. ఆమె దాన్ని పీల్చేది. నాకు నోరు లేదు.

జ్వరం వచ్చింది. సీసాలు మార్చారు, మందులు మార్చారు. జ్వరం దిగలేదు. పొడిదగ్గు మొదలైంది. అండాలు మాత్రం రోజూ నన్ను కళ్లకద్దుకుని, "తల్లీ, నువ్వే కాపాడాలె" అని మళ్లీ బిడ్డ తలకిందే పెట్టేది. ఒకనాడు దగ్గులో రక్తపు చార కనబడింది. అప్పుడు ఛాతీకి స్కాన్ తీశారు.

"ఊపిరితిత్తుల్లో బూజు పట్టింది" అంది డాక్టరమ్మ.

"బూజా? రొట్టె మీద పట్టేదా?"

"అసొంటిదే. మనల్నేం చెయ్యదు. ఈ పిల్లకు మాత్రం ప్రాణం మీదికొస్తది. దానికి వేరే మందు మొదలుపెడుతున్నం. ఇంటినుంచి ఏమన్న తెచ్చిన్రా?"

"లేదమ్మా" అంది అండాలు.

కొత్త మందు చుక్కచుక్కగా దిగుతోంది. పైనుంచి అది, కింద నేను.

సాయంత్రం సిస్టర్ దుప్పటి మార్చడానికి వచ్చింది. అండాలు గబుక్కున నన్ను పట్టుకుంది. "మెత్త నేను జూస్కుంట సిస్టర్." నాగజ్యోతి మళ్లీ దగ్గింది. పెదవులు నీలంగా ఉన్నాయి. అండాలు ఆ పెదవులనే చూస్తూ నిలబడింది. మెల్లగా గలీబు మూతి విప్పింది. పాడైన వాసన వచ్చింది.

"అబద్ధం జెప్పిన సిస్టర్" అంది.

"అయ్యో, దులపకు! అట్లనే పట్టుకో!" ఎస్తేరు పరుగున ఆసుపత్రి చెత్త వేసే పసుపురంగు సంచి తెచ్చింది.

దీనివల్లే రోగం వచ్చిందని చెప్పలేమనీ, బూజు గాలిలోనూ ఉంటుందనీ, ఇప్పటికైనా చెప్పి మంచి పని చేసిందనీ డాక్టరమ్మ అంది. అది నాకు ఊరటో శిక్షో తెలియదు. పరీక్ష కోసం నన్ను మూటగట్టి వార్డు చివరి గదిలో ఉంచారు.

మూటగట్టిన ఏడో రోజు నన్ను కాల్చడానికి తీసుకుపోయే బండి వచ్చింది. నాగజ్యోతి గది ముందు కాసేపు ఆగింది.

"జ్వరం తొంభై తొమ్మిది. దిగుతున్నది" అని ఎస్తేరు గొంతు వినిపించింది.

"అమ్మా, నా మెత్త పోతున్నదే?"

"పోనీ బిడ్డా. నా ఒడిల పండుకుందువు."

"మరి రా."

"ఆగు."

కుళాయి తిప్పిన చప్పుడు. సబ్బు జారి కిందపడ్డ చప్పుడు. నీళ్లు చాలాసేపు పారాయి. అవి ఆగకముందే నా బండి కదిలింది.