లీటరా, లీటరున్నరా

లీటరు, లీటరున్నర అంటే నాకు తెలిసినవి పాలప్యాకెట్లే. కార్లకు కూడా ఆ కొలత ఉంటుందని, దాని కోసం సత్తుపల్లిలో ఒక సంసారానికి అన్నం సయించకుండా పోతుందని నా బీఎస్సీలో ఎవరూ చెప్పలేదు.

మేం కొనాలనుకున్న సెడాన్ రెండు ఇంజన్లతో వస్తుంది. పైకి రెండూ ఒకటే కారు. లోపల ఒకటి లీటరు, ఒకటి లీటరున్నర. మా ఆయన జయప్రకాశ్‌కు పెద్దది కావాలి, నాకు చిన్నది. ఆయన కారణం ఆయన ఊరంతా చెప్పాడు. నా కారణం నేను ఎవరికీ చెప్పలేదు.

"బొగ్గు టిప్పర్లు, పద్మా! వాటెనక పడితే దమ్మపేట చేరేసరికి తెల్లారుద్ది. పెద్ద ఇంజనైతే గిట్ల తొక్కితే గట్ల దాటేస్తది" అనేవాడు.

ఆ దాటడమే నా భయం.

ఆయనకు నీటికాసులు, అదే గ్లకోమా. ఎడమ కన్ను పోయినట్టేనని, కుడికంటి చూపు కూడా అంచుల నుంచి తగ్గుతోందని, ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని ఖమ్మం డాక్టరు నా ముందే చెప్పాడు. బయటికి రాగానే ఆయన మా అత్తగారికి ఫోన్ చేసి "అద్దాలు మార్చుకోమన్నడమ్మా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నేను విన్నానని ఆయనకు తెలుసు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎత్తినవాళ్లు లేరు.

నేను ఒకసారి ఎత్తబోయాను. భోజనాల దగ్గర "ఏమండీ, ఆ రోజు డాక్టరు గారు..." అన్నాను.

"కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఉప్పు డబ్బా ఆయన ఎడమ చేతి పక్కనే ఉంది. కంచం చుట్టూ తడుముకున్నాడు. నేను డబ్బా జరిపి కుడి పక్కన పెట్టాను. వేసుకుని తిన్నాడు. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది.

ఎడమ వైపు నుంచి ఎవరు నమస్కారం పెట్టినా ఆయన పలకకుండా వెళ్లిపోయేవాడు. పామాయిల్ గెలలకు రేటొచ్చింది, జయప్రకాశ్‌కు పొగరెక్కిందని ఊళ్లో అనుకున్నారు. ఆ మాట ఆయన చెవినా పడింది. చూపు లేదనిపించుకోవడం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాడు కాబోలు, మీసం కూడా కొంచెం పెంచాడు.

మా అమ్మాయి దీపిక భద్రాచలంలో టీచరు. ప్రతి శనివారం ఆయనే వెళ్లి తీసుకొస్తాడు. దారిలో ప్రతి మలుపూ, ప్రతి గుంతా ఆయనకు కంఠతా వచ్చు. ఎదురొచ్చే మనుషులు కంఠతా రారు కదా. వాళ్లిద్దరూ గుమ్మంలోకి వచ్చేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. పాత కారు అమ్మేశాక, కొత్తది వచ్చేలోపు కొన్ని రాత్రులు నేను హాయిగా నిద్రపోయాను.

కొనొద్దంటే వినడు. కనీసం చిన్న ఇంజనైతే టిప్పర్లను దాటే ధైర్యం చెయ్యడని నా ఆశ. అందుకే మైలేజీ అన్నాను, మెయింటెనెన్స్ అన్నాను. ఆఖరికి పెద్ద ఇంజన్ వేడి, ఆయన ఒంటికి పడదని కూడా అన్నాను.

"పడకపోవడానికి అదేమన్నా వంకాయ కూరటే?" అన్నారు మా అత్తగారు.

షోరూమ్ నుంచి రవికుమార్ అనే అబ్బాయి పెద్ద ఇంజన్ కారును మా ఇంటికే తెచ్చాడు.

"మేడమ్, ఇది ఆటోమేటిక్ ఒక్కటే వస్తది. చిన్నదాంట్లో అది ఇప్పట్లో రాదు. క్లచ్ లేదు, గేర్లు మార్చేది లేదు. స్కూటీ నడిపినోళ్లకు ఇది లెక్కనే కాదు" అన్నాడు.

నేను రోజూ కూరగాయలకు వెళ్లేది స్కూటీ మీదే. ఆ మాట విన్నాను గానీ, నా కళ్లు మా ఆయన చేతిలోని తాళాల మీదే ఉన్నాయి.

"మీరు నడపండి, రవీ. సారు పక్కన కూర్చుని చూస్తారు" అన్నాను.

"టెస్ట్ డ్రైవ్ అంటే ఏంది పద్మా, సినిమానా చూడ్డానికి?" అని ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. రవికుమార్ పక్కన, నేను వెనక.

ఊరు దాటగానే ముందు టిప్పర్. ఆయన తొక్కాడు. కారు ఒక్క దూకు దూకింది. టిప్పర్ చక్రాలు నా కిటికీ పక్కన గిర్రున తిరిగి వెనకబడ్డాయి. "చూసినవా!" అంటూ ఆయన కారును ఎడమకు తిప్పాడు.

ఎడమన, టిప్పర్‌కు ముందు, ఒక బైకు వెళుతోంది.

నేను అరిచానో లేదో గుర్తు లేదు. రవికుమార్ స్టీరింగ్ లాగేశాడు. కారు కేకపెట్టి ఆగింది. బైకు తారు దిగి బురదలో పడింది.

పడింది మా తోట పక్క రైతు బాబూరావు, అతని భార్య ఉషారాణి. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆమె మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

"ప్రకాశన్నా! నమస్తే పెడితే పలకవైతివి. పైసలొచ్చినయ్, పొగరులే అనుకున్నం. గిప్పుడు మీదికే తెస్తివా?" అన్నాడు బాబూరావు.

మా ఆయన తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఉషమ్మకేమన్నా అయిందా? ఏది, ఎక్కడున్నది?"

ఆమె ఆయన ఎడమ మోచేతి పక్కనే నిలబడి కొంగుతో బురద తుడుచుకుంటోంది.

బాబూరావు ఆమెను చూశాడు, మళ్లీ మా ఆయన కళ్లలోకి చూశాడు.

"నాకు ఈ పక్క కనపడదు, బాబూరావు" అన్నాడు మా ఆయన.

ఇన్నాళ్లూ నాతో అనని మాట, ఇంకొకరితో రోడ్డు మీద అన్నాడు.

"ఎప్పటిసంది, అన్నా?" అంది ఉషారాణి.

"శానా రోజులైంది."

"మరి చెప్పొద్దా? మేం ఇన్నాళ్లూ నిన్ను తిట్టుకుంటిమి గదా!"

తిరుగుదారిలో రవికుమార్ నడిపాడు. ఇంటికి రాగానే ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"చిన్నదే తీసుకో. కాదంటే అసలే వద్దు. ఎవడు నడుపుతడు గనక?" అని, "ఈ కన్ను కూడా పోతే నేనేం గావాలె, పద్మా?" అన్నాడు.

నేను గెలిచాను. గెలిచినవాళ్లు మంచం పక్కన నేల మీద కూర్చుని నోట్లో కొంగు కుక్కుకోవడం నేనెక్కడా చూడలేదు.

చాలాసేపటికి రవికుమార్ అన్న మాట గుర్తొచ్చింది.

"పెద్దదే తీసుకుందాం" అన్నాను.

"పిచ్చా నీకు?"

"చిన్నదాంట్లో ఆటోమేటిక్ ఇప్పట్లో రాదన్నాడు. నాకు క్లచ్ తెలియదు. పెద్దదానికి క్లచ్చే లేదట."

ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. గుమ్మంలోంచి అత్తగారు "ఆడదాని చేతికి లీటరున్నరా?" అన్నారు.

"పాలు రోజూ రెండు లీటర్లు కాస్తున్నాను కదత్తయ్యా" అన్నాను.

కారు రావడం ఆలస్యమైంది. అదీ మేలే. ఆ లోపు డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నాను, లైసెన్సు చేతికొచ్చింది. మొదటి శనివారం దీపిక కోసం బయల్దేరాం. ఆయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. కిటికీ ఆయనకు ఎడమ వైపు.

"ముందేమున్నది?"

"టిప్పర్."

"దాటెయ్. లీటరున్నర ఉన్నది."

"ఉండనివ్వండి."

టిప్పర్ వెనకాలే నడిచాం. కొత్త తెల్ల బానెట్ మీద బొగ్గు పొడి మెల్లగా పరుచుకుంటోంది. కాసేపటికి ఆయన వేలితో కిటికీ అద్దం మీద కొట్టాడు.

"ఈ పక్కేమున్నది?"

"పామాయిల్ తోటలు. బాబూరావు గట్టు మీద ఉన్నాడు. చెయ్యెత్తుతున్నాడు."

ఆయన గబుక్కున అటు తిరిగి చెయ్యెత్తాడు. మొహం వెలిగింది. అది చూశాక నాకు మనసొప్పలేదు. దమ్మపేట దాకా ఎవరో ఒకరు నమస్కారం పెడుతూనే ఉన్నారని చెప్పాను. కొందరు నిజంగానే పెట్టారు.

దమ్మపేట దాటాం. అడవి వచ్చింది. రోడ్డు మీద పురుగు లేదు.

"ఎవరన్నా ఉన్నరా?" అన్నాడు.

"ఒక పెద్దాయన. మీకే పెడుతున్నాడు."

"అడవిలో నన్నెరిగినోడు ఎవడే?"

"ఎవరో మరి. పొగరుబోతనుకోకముందే చెయ్యెత్తండి" అన్నాను.

ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, ఉత్త చెట్లకు, రెండు చేతులూ జోడించాడు.