జట్కా గుర్రం గుండె

మద్రాసు నుంచి గుండె మిషను దిగిన రోజు నుంచి మా పశువుల డాక్టరు కృష్ణమూర్తిగారి కాళ్ళు నేలమీద ఆనలేదు. అంతవరకూ ఆయన పుస్తకాల్లో చదివింది మనుషుల గుండె పటాలే. గుర్రం కాళ్ళకు ఉప్పునీళ్ళ గుడ్డలు చుట్టించి, తీగలు తగిలించి, ఫిల్ము మీద పడిన గీతల్ని మనిషి గీతల కొలతతోనే చదివేసేవారు. నేను కాంపౌండరును. గుడ్డలు చుట్టడమే నా పని, నోరు మూసుకోవడం కూడా.

యుద్ధకాలం. పెట్రోలు దొరక్క చిత్తూరంతా జట్కాల మీదే నడుస్తోంది. గడువు తీరిన జట్కా లైసెన్సు తిరిగి రావాలంటే గుర్రానికి డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలి. సుల్తాన్ తన గుర్రాన్ని తెచ్చాడు. అతని ఇల్లు గడిచేది దాని మీదే. వేలూరు రోడ్డు మిట్ట ఎక్కినా రొప్పని గుర్రమది. పటంలో మాత్రం మధ్యమధ్య గుండె కొట్టుకునే దెబ్బ ఒకటి తప్పుతోంది. మనిషికైతే మంచం పట్టించే జబ్బని చెప్పి, పనికిరాదని రాసేశారు డాక్టరుగారు. ఒక్కసారి పరుగెత్తించి చూడమని సుల్తాన్ బతిమాలితే, మిషను కంటే నీకెక్కువ తెలుసా అని గదిమారు.

లైసెన్సు పోయింది. జబ్బు గుర్రాన్ని ఎవరు కొంటారు? చివరికి ఒక జమీందారు మేనేజరు, గడ్డి బండికైనా పనికొస్తుందని కారుచౌకగా కొని తోలుకుపోయాడు. దాన్ని వదల్లేక సుల్తాన్ కూడా ఆ లాయంలోనే లద్దెలెత్తే పనికి చేరాడు.

తరువాత డాక్టరుగారు మద్రాసు వెళ్ళి వచ్చారు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు మంచి గుర్రాలకు కూడా అలా దెబ్బ తప్పడం మామూలేనని, పరుగు పెడితే సర్దుకుంటుందని అక్కడి పెద్దలు చెప్పారట. మరి సుల్తాన్ సంగతేమిటని అడిగాను. రాసినదాన్ని కొట్టేస్తే తన పరువేం కావాలన్నారు. ఆ పరువును ఉప్పునీళ్ళలో ముంచి గుర్రం కాలికి చుట్టాలనిపించింది.

కొన్నాళ్ళకు మేనేజరు ఒక గుర్రంతో వచ్చాడు. దాని నడక జమీందారుకు నచ్చిందట, స్వారీకి పనికొస్తుందో లేదో చూడమన్నాడు. కళ్ళెం పట్టుకొచ్చింది సుల్తానే. గుర్రమూ అదే. తోమి, మంచి జీను వేశారంతే. డాక్టరుగారు గుర్రాన్నీ గుర్తుపట్టలేదు, మనిషినీ గుర్తుపట్టలేదు. ఆయన చూసేది గీతల్నే కదా. పటంలో అదే దెబ్బ మళ్ళీ తప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. జాతి గుర్రమని, గట్టి గుండె అని చెప్పి సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టారు.

"ఇది నా గుర్రమే సామీ," అన్నాడు సుల్తాన్. "మీరు పనికిరాదని రాసినారే, అదే ఇది."

డాక్టరుగారు తడబడి మేనేజరు వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అప్పుడది జట్కా గుర్రం కదప్పా."

మేనేజరు నవ్వాడు. సుల్తాన్ వంగి గుర్రం కాళ్ళ గుడ్డలు తానే విప్పి, తడి తుడిచి, మేనేజరు వెనకాలే దాన్ని లాయానికి నడిపించుకుపోయాడు.